విల్లా? కత్తా? కోడెగిత్తా?

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, హాస్టల్ మిత్రుడొకడితో ఫోనులో "ఈసారి కూడా నేను రేంజర్‌నే తీసుకుంటాన్రా" అంటూ ఉంటే మా నాన్న చెవిన పడింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏరా, ఫారెస్టు డిపార్టుమెంటులో వచ్చిందా? మాట మాత్రం చెప్పలేదే!" అన్నాడు. అది ఉద్యోగం కాదు నాన్నా, ఆట అని చెప్పేసరికి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. "ఆటలో రేంజరా? దానికి ఇంత ఆలోచనా?" అని మిరప చేనుకేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. మన కాలేజీలో ఈ ఆట ఆడేవాళ్ళు పదిమందికి మించి ఉండరు. ఆడనివాళ్ళు కూడా చదవవలసిన సంగతి ఇందులో ఒకటి ఉందని నా నమ్మకం. లెక్చరర్లు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందు ఆట సంగతి చెబుతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీని కర్తలు. హరికథ వింటున్న శ్రోతలే లేచి, తలా ఒక పాత్ర అయిపోయి, కథను తమకు తోచినట్టు మలుపు తిప్పుతూ పోతే ఎట్లా ఉంటుందో ఊహించండి. అదే ఈ ఆట. కథ నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. "మీ ఎదుట పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారు?" అని ఆయన అడుగుతాడు. మనం చెప్పాలి. అది జరుగుతుందా జరగదా అన్న సందేహం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గెలుపోటములు మనకూ మనకూ మధ్య ఉండవు. అందరం ఒకే పక్షం. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇందులో ప్రతివాడూ ఒక వృత్తి ఎంచుకోవాలి. రేంజర్ అంటే అడవులూ కొండలూ పట్టి తిరుగుతూ, అడుగుజాడలు పట్టి, జనావాసాల అంచున కాపలా కాసేవాడు. 1975లో 'ది స్ట్రాటజిక్ రివ్యూ' అనే చిన్న పత్రికలో తొలిసారి కనిపించాడు. టోల్కీన్ నవలలోని అరగార్న్ అతనికి మూలపురుషుడు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అతను యోధులలో ఒక శాఖ. 1989లో వచ్చిన రెండవ కూర్పులో రెండు చేతులా రెండు కత్తులు పట్టాడు. 2003 నాటి సవరణలో విల్లు కావాలో, జంట కత్తులు కావాలో నువ్వే తేల్చుకోమన్నారు. కనుక విల్లా కత్తా అన్న తగవు మా హాస్టల్ గదిలో పుట్టింది కాదు.

2014లో వచ్చిన అయిదవ కూర్పులో రేంజర్‌కు రెండు నిర్ణయాలున్నాయి. రెండవ స్థాయికి చేరగానే పోరాట శైలి ఎంచుకోవాలి. విల్లు శైలి తీసుకుంటే దూరం నుంచి వేసే దెబ్బకు గురిలో 2 కలుస్తుంది. డ్యూయలింగ్ తీసుకుంటే ఒంటిచేతి కత్తి దెబ్బకు 2 బలం కలుస్తుంది. రక్షణ శైలి కవచానికి 1 కలుపుతుంది. జంట కత్తుల శైలి రెండో కత్తికి కూడా మన చేతి సత్తా కలుపుతుంది. తర్వాత మూడవ స్థాయిలో ఉపవర్గం, అంటే ఎలాంటి రేంజర్ అన్నది. మొదటి పుస్తకంలో హంటర్, బీస్ట్ మాస్టర్ అని రెండే ఉండేవి. 2017లో గ్లూమ్ స్టాకర్ మొదలైనవి మూడు, 2020లో మరో రెండు, 2021లో డ్రేక్‌వార్డెన్ వచ్చాయి. 2024 నాటి కొత్త హ్యాండ్‌బుక్‌లో హంటర్, బీస్ట్ మాస్టర్, గ్లూమ్ స్టాకర్, ఫే వాండరర్ అనే నాలుగు ఉన్నాయి.

చూశారా, పుస్తకం ముందు ఆయుధం అడుగుతుంది, తర్వాత మనిషిని అడుగుతుంది. నా అభిప్రాయం దీనికి సరిగ్గా తలకిందులు. ముందు మనిషి తేలాలి, ఆ మనిషినిబట్టి ఆయుధం తేలాలి, ఆ రెండూ పక్కవాళ్ళ ఎదుట తేలాలి. ఈ మూడూ నాకు ఊరికే తెలియలేదు. ఒక మిత్రుడి పాత్ర ప్రాణం పోయాక తెలిశాయి.

మొదటిసారి ఆడటానికి కూర్చున్నప్పుడు నాకేమీ తెలియదు. ఒక సీనియర్ అన్న "గ్లూమ్ స్టాకర్, విల్లు. ఇంకేం ఆలోచించకు. ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు" అన్నాడు. నిజమే, ఎవర్ని అడిగినా అదే చెప్పారు. ఆ సలహాలో పస లేదనను. గ్లూమ్ స్టాకర్ చీకట్లో చూడగలడు. చీకట్లో చూసే కళ్ళను నమ్ముకున్న శత్రువులకు మాత్రం తాను కనపడడు. పోరు మొదలయ్యేటప్పుడు అతని వివేకం కూడా వేగంలో కలుస్తుంది కాబట్టి తరచు మొదటి వంతు అతనిదే. ఆ మొదటి వంతులో ఒక దెబ్బ అదనం, అది తగిలితే ఎనిమిది ముఖాల పాచిక కూడా అదనం. ఇక విల్లు సంగతి. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్కో అంకె నూటికి 5 పాళ్ళు, అంటే 2 కలిస్తే గురి నూటికి 10 పాళ్ళు పెరిగినట్టు. దూరంగా ఉన్నవాడికి దెబ్బలు తక్కువ తగులుతాయి గనుక 'హంటర్స్ మార్క్' మంత్రం మీద ఏకాగ్రతా తొందరగా చెదరదు. లెక్క ఎటు చూసినా బాగుంది.

ఆడాను, గెలిచాం కూడా. అయితే నాలుగు నెలలు ఆడినా, డంజన్ మాస్టర్ "నువ్వేం చేస్తావు?" అని అడిగినప్పుడల్లా నా నోట ఒకటే మాట: "బాణం వేస్తాను." ఊళ్ళోకి వెళ్ళినా, అడవిలోకి వెళ్ళినా, వాగు దాటవలసి వచ్చినా నాకు చెప్పడానికి ఇంకేమీ ఉండేది కాదు.

చీకటి నాకు తెలియనిది కాదు. నా చిన్నప్పుడు మోటార్లకు కరెంటు రాత్రిళ్ళు వచ్చేది. నాన్న చేతిలో టార్చి, కర్ర పట్టుకుని, పాములు పక్కకు పోయేందుకు కర్రతో నేల తడుతూ బోరు దగ్గరికి వెళ్ళేవాడు. వెనక నేను. మాకు తెలిసిన చీకటి మనిషిని జాగ్రత్తగా నడిపించే చీకటి. గ్లూమ్ స్టాకర్ చీకటి ఇతరులను భయపెట్టే చీకటి. ఆ తేడా నేను ఆలోచించి, అయినా అదే కావాలని తీసుకుని ఉంటే అతని నోట నాలుగు మాటలు పలికించగలిగేవాణ్ణేమో. నేను ఎంచుకోలేదు, ఎవరో చెబితే ఒప్పుకున్నాను. లోపం ఆ ఉపవర్గంలో లేదు.

రెండో కథ మొదలుపెట్టేటప్పుడు పుస్తకం నేనే చదివాను. 2014 నియమాల ప్రకారం రేంజర్‌కు తనకు బాగా తెలిసిన నేల ఒకటి ఉంటుంది. మంచు ప్రాంతం, సముద్రతీరం, ఎడారి, అడవి, గడ్డిమైదానం, కొండ, చిత్తడి, భూగర్భలోకం అని పట్టిక ఇచ్చారు. అందులో చేను లేదు! మనిషి దున్ని విత్తిన నేల తెలిసిన రేంజర్ వాళ్ళ ఊహకు రాలేదు. పైగా తన నేలలో ఉన్నంతసేపు రేంజర్ దారి తప్పడు, ఆహారం రెట్టింపు దొరుకుతుంది, నడక మందగించదు. అంటే నేల తెలిసినవాడికి కష్టమే ఉండదని వాళ్ళ భావం. సేద్యం చేసేవాణ్ణి అడగండి. నేల తెలియడమంటే కష్టం లేకపోవడం కాదు, రాబోయే కష్టం అందరికంటే ముందు కనపడటం. 2024 పుస్తకంలో ఈ పట్టికనే తీసేశారు. తీసేసి మంచిపని చేశారనే నా ఉద్దేశ్యం.

అప్పుడు బీస్ట్ మాస్టర్ దగ్గర ఆగాను. ఒక జంతువును తోడు పెట్టుకుని తిరిగేవాడు. 2014లో రాసిన రూపం నిజంగా బలహీనమే. జంతువు చేత దెబ్బ కొట్టించాలంటే మన వంతు వదులుకోవాలి, అంటే ఇద్దరున్నా పని ఒక్కరిదే. అది చస్తే ఎనిమిది గంటలు గడిపి ఇంకొక జంతువును కట్టుకోవచ్చు. ఈ నియమం చదివి పుస్తకం మూసేశాను. మా ఎర్రెద్దు చచ్చిపోయిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. దాని కాడి పక్కన ఇంకో ఎద్దును కట్టడానికి ఆ ఏడాదంతా ఆయనకు మనసొప్పలేదు. ఎనిమిది గంటలట!

2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకం దీన్ని చక్కదిద్దింది. బోనస్ యాక్షన్ అనే చిన్న వంతుతో జంతువుకు ఆజ్ఞ ఇవ్వొచ్చు, మన పెద్ద వంతు మనకే ఉంటుంది. నేలమీది జంతువు, నీటిజంతువు, పక్షి అని మూడు అచ్చులు ఇచ్చి, ఏ జంతువో నువ్వే చెప్పుకోమన్నారు. నేలమీది జంతువు 20 అడుగులు తిన్నగా పరుగెత్తి కొడితే ఆరు ముఖాల పాచిక అదనం, ఎదుటివాడు తట్టుకోకపోతే కిందపడతాడు. అది చదవగానే ఇంకేం కావాలి అనిపించింది. ఒంగోలు గిత్త!

ఇప్పుడు ఆయుధం. ఇక్కడ మాత్రం మనసు మాట వినకూడదు, లెక్క మాట వినాలి. మూడవ స్థాయి రేంజర్, గురికి 5, చేతి సత్తా 3, ఎదుటివాడి కవచం 15 అనుకుందాం. పాచిక మీద 20 పడితే వచ్చే లాభాన్ని వదిలేశాను.

ఎదుటివాడు నిలబడి ఉంటే, విల్లు శైలితో పొడవు విల్లు దెబ్బ నూటికి 65 సార్లు తగులుతుంది, సగటు బలం 7.5, అంటే వంతుకు సుమారు 4.9. డ్యూయలింగ్ శైలితో సన్నకత్తి నూటికి 55 సార్లే తగిలినా సగటు బలం 9.5, వంతుకు 5.2. జంట పొట్టికత్తులకు 7.15. ఇక్కడ ఆగిపోయినవాడు జంట కత్తులు తీసుకుంటాడు. కానీ రెండో కత్తికి కావలసింది ఆ బోనస్ యాక్షనే. అది కత్తికి ఖర్చయితే గిత్తకు ఆజ్ఞ ఉండదు, ఒడుపుగా తప్పుకుంటూ నిలబడుతుంది, అంతే. గిత్త పరుగెత్తి కుమ్మితే వంతుకు సగటున 6 వస్తుంది. డ్యూయలింగ్ 5.2, గిత్త 6, కలిపితే 11.2. జంట కత్తులు 7.15. ఎద్దును గాట్లో కట్టేసి మనమే కాడి మోసినట్టు ఉంటుంది. 2024 నియమాలలో కొన్ని ఆయుధాలకు 'నిక్' అనే గుణం ఇచ్చి, రెండో కత్తి దెబ్బ పెద్ద వంతులోనే కలిసేట్టు చేశారు కాబట్టి, కొత్త పుస్తకంతో ఆడేవాళ్ళు ఈ లెక్క మళ్ళీ వేసుకోవాలి.

ఇక గిత్త కుమ్ముడికి ఎదుటివాడు కిందపడ్డాడనుకోండి. కిందపడ్డవాణ్ణి దగ్గరి నుంచి కొడితే పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు, దూరం నుంచి బాణం వేస్తే రెండింట్లో చిన్న అంకె తీసుకోవాలి. డ్యూయలింగ్ గురి నూటికి 55 నుంచి దాదాపు 80కి లేస్తుంది, వంతుకు 7.6. విల్లు 65 నుంచి 42కి పడుతుంది, వంతుకు 3.2. అందరూ మెచ్చిన విల్లు నా గిత్త పక్కన నిలబడితే సగానికంటే తక్కువ. శైలి మంచిదా చెడ్డదా అని విడిగా అడిగే ప్రశ్నకు అర్థమే లేదు. ఎవడి చేతిలో, ఎవరి పక్కన అని అడగాలి.

ఇదంతా కాగితం మీద వేసుకుని, కత్తీ డాలూ పట్టి, గిత్తను తోలుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. సీనియర్ అన్న నవ్వాడు. మిగతావాళ్ళు నోరెత్తలేదు. నేను కూడా వాళ్ళను ఏమీ అడగలేదు. నా తప్పు అక్కడే ఉంది.

ఆరు వారాలు గిత్త అదరగొట్టింది. ఏడో వారం కొండ అంచున హార్పీ ఎదురైంది. ఆడమనిషి ముఖం, రాబందు రెక్కలు, గాలిలో ఉండి పాడుతుంది. ఆ పాటకు లొంగినవాడు ఒళ్ళు తెలియక దానికేసి నడుస్తాడు. మా విజార్డ్, ఫైటర్ ఇద్దరూ లొంగిపోయారు. క్లెరిక్ అంతకుముందే స్పృహ తప్పి ఉన్నాడు. హార్పీ అప్పటికే చాలా దెబ్బలు తిని ఉంది. దాన్ని పడగొడితే పాట ఆగిపోతుంది. నా కత్తి అందదు. విల్లు వీపున ఉంది గాని, చేతికి డాలు ఉంది. డాలు విప్పడానికే ఒక వంతు పోయింది. తర్వాతి వంతులో బాణం వేశాను. పాచిక మీద 4 పడింది. నా 5 కలిపితే 9. హార్పీ కవచం 11. విల్లు శైలి ఉంటే సరిగ్గా 11 అయ్యేది. ఆ రెండంకెలే నేను లెక్క వేసి వద్దనుకున్నవి.

ఆఖరి అడుగు ముందు తేరుకోవడానికి ఇంకొక అవకాశం ఇస్తుంది నియమం. విజార్డ్ ఆడే మిత్రుడు పాచిక వేశాడు. అదీ పోయింది. ఎనిమిది నెలలుగా, మొదటి కథ నుంచీ వాడు పెంచుకున్న పాత్ర. దానికో అమ్మ ఉంది, ఊరుంది, తీర్చవలసిన అప్పుంది. అన్నీ ఆ లోయలోకి వెళ్ళిపోయాయి. వాడు ఏమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని రాత్రి భోజనానికి కూడా రాకుండా పడుకున్నాడు. ఆటే కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ రాత్రి ఆ మాట అనడానికి మా గదిలో ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు డంజన్ మాస్టర్ ఒక మాట అన్నాడు. "హార్పీ పాట మనుషుల మీదే పనిచేస్తుంది, జంతువుల మీద కాదు. నీ గిత్తను వాడికి అడ్డం పెట్టి తోయించి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణిరా." నాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళ వయసులోనే బెదిరిన దూడకు ఎద్దును అడ్డం తోలి ఆపినవాణ్ణి నేను. చేతిలో గిత్త ఉన్నా, ప్రాణం మీదికొచ్చేసరికి నా బుర్ర మళ్ళీ "బాణం వేస్తాను" దగ్గరికే పోయింది. మనిషిని మార్చుకున్నానే గాని, ఆ మనిషిలా ఆలోచించడం నేర్చుకోలేదు.

ఆ మాట అటుంచితే, ఇంకొక లోపం ఉంది, అది పూర్తిగా నాదే. మెట్ట చేలో బోరు వేసి వరి పెట్టుకోవచ్చు. పొలం నీది, నీళ్ళు నీవి, ఎవడూ కాదనడు. కానీ పై చేలో నీళ్ళు నిలిపితే కింది చేలోకి ఊట దిగుతుంది. అక్కడ మిరప ఉంటే వేళ్ళు కుళ్ళి చస్తుంది. అందుకే తెలిసిన రైతు గట్టు అవతలివాడితో ఒక మాట అని గాని మడి కట్టడు. అడిగేది అనుమతి కోసం కాదు, వాడు తన పంట చూసుకుంటాడని. నేను విల్లు వదిలేస్తున్నాను, మన నలుగురిలో దూరం కొట్టేవాడు ఇక లేడు అని బల్ల మీద ఒక్క మాట అని ఉంటే ఫైటర్ విల్లు శైలి తీసుకునేవాడు. వాడే తర్వాత నాతో అన్నాడు, "చెప్పుంటే నేను తీసుకునేవాణ్ణిగా" అని.

అయితే మళ్ళీ పట్టిక దగ్గరికే పోదామా? వద్దనే నా వాదం. పట్టిక చెప్పేది సగటు రేంజర్ సంగతి, సగటు బల్ల సంగతి. దాన్ని చదవాలి, లెక్క సరిచూసుకోవాలి. సంతకం మాత్రం దానిచేత పెట్టించకూడదు. ఇంటర్మీడియట్‌లో చేరేటప్పుడు ఊరంతా ఒకే గ్రూపు పేరు చెప్పింది. చెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా నాకు ఏది వచ్చో, ఏది రాదో అడగలేదు. నేను అందులో చేరి రెండేళ్ళు ఏం చదివానో నాకే తెలియదు. ఆ తర్వాత సొంతంగా ఎంచుకున్న ఈ డిగ్రీలో మార్కులు తక్కువ వచ్చినా, ఎందుకు తక్కువ వచ్చాయో చెప్పగలను. సొంతంగా ఎంచుకున్నవాడు తప్పు చేసినా ఆ తప్పు నుంచి నేర్చుకోగలడు. అప్పు తెచ్చుకున్న ఎంపికలో తప్పు జరిగితే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఈ ఏడాది కొత్తగా బల్ల దగ్గర కూర్చోబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి. నీకు ఏ నేల తెలుసో, ఏ పని తెలుసో అక్కడి నుంచి రేంజర్‌ను తీసుకో. మంచె ఎక్కి వడిసెల తిప్పి జొన్నచేను కాసినవాడైతే విల్లు తీసుకో, అది నీదే. ఎంచుకున్న మనిషి పక్కన ఏ శైలి నిలబడుతుందో కాగితం మీద వేసి చూడు. ఆ కాగితం జేబులో పెట్టుకోక, ఆట మొదలుకాకముందే నలుగురి ముందూ పరువు.

విజార్డ్ ఆడిన మిత్రుడు ఇప్పుడు కొత్త పాత్ర రాసుకున్నాడు. ఈసారి వాడే రేంజర్, విల్లు శైలి. నేను గిత్తను వదల్లేదు. మొన్న ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు ఇదంతా మొదటి నుంచీ చెప్పాను. హార్పీ దగ్గర ఆయన చుట్ట ఆరిపోయినా చూసుకోలేదు. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "అన్నీ బాగానే ఉన్నాయిరా, అన్నాళ్ళు కొండల్లో తిరిగారు గదా, ఆ గిత్తకు మేత ఎవరేశారు?"

ఆరు వారాల్లో మా అయిదుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు ప్రతి మజిలీలో డంజన్ మాస్టర్ ముందు అదే అడుగుతున్నాడు.